నూట ఎనభయ్యో రోజు

మా వారు పాతికేళ్ళు మదీనాలో ఒక అరబ్బు పెద్దమనిషి బట్టల దుకాణంలో లెక్కలు రాశారు. చివరి తొమ్మిదేళ్ళు నేనూ అక్కడే ఉన్నాను. మాకు పిల్లలు లేరు. అరవై దగ్గరపడ్డ వాళ్ళంతా సామాను సర్దుకుని ఇంటిదారి పడుతుంటే, మేము అక్కడే ఉండిపోవాలనుకున్నాం. ప్రవక్త మసీదుకు నడిచిపోయేంత దూరంలో ఒక గది. ఓపికున్నన్నాళ్ళు దుకాణంలో ఒంటిపూట పని. ఆఖరికి ఆ ఊరి మట్టిలో ఇంత చోటు. ఆయన జీవితంలో అడిగింది ఆ ఒక్కటే.

అక్కడ మనలాంటి వాళ్ళకి శాశ్వత నివాసం అంటూ ఉండదు. యజమాని పూచీ ఉన్నంతవరకే కాగితం. మా యజమాని మంచివాడు, అల్లా ఆయన్ని చల్లగా చూడాలి. తను బతికున్నంతకాలం మా కాగితం తిరగరాయిస్తానని మాటిచ్చాడు. సెలవు మీద దేశానికి వస్తే ఆరు నెలల్లోపు తిరిగి వెళ్ళాలి, దాటితే ఆ కాగితం చెల్లదు. షరతు అదొక్కటే.

రెండువేల నాలుగు ఏప్రిల్‌లో ఆ ఆరు నెలల సెలవు మీద వచ్చాం. మార్టూరు దగ్గర మా మామగారు ఇచ్చిన మూడెకరాల చేను మా తమ్ముడు సాగుచేస్తున్నాడు. ఆ ఏటి మిరప అమ్మేసి, చేను కూడా ఎవరికైనా రాసిచ్చేసి, ఇక వెనక్కి చూసే పని లేకుండా పోదామని మా ఆలోచన.

వచ్చిన వారానికే గుంటూరులో ఆడిటరు గారి దగ్గరకు వెళ్ళాం. ఆయన ఎంతో ఓపిగ్గా చెప్పాడు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఏడాదిలో నూట ఎనభై రెండు రోజులు ఇక్కడ ఉంటే ఇక్కడి నివాసి కింద లెక్కట. ఆ లోపే విమానం ఎక్కేస్తే అక్కడి సంపాదనకీ, ఇక్కడి బ్యాంకులో వేసిన అక్కడి డబ్బు మీద వడ్డీకీ పన్ను లేదట. మిరప డబ్బుకి ఎలాగూ లేదు. లేచి వస్తుంటే ఇంకో మాట కూడా అన్నాడు, అక్కడి రూల్సు తనకు తెలియవనీ, అవి అక్కడివాళ్ళనే కనుక్కోమనీ. ఆ మాట మేమిద్దరం విన్నాం. విని, బస్టాండు చేరేలోపు మర్చిపోయాం.

రోజులు లెక్కపెట్టే పని నేను తీసుకున్నాను. నేను బడికి పోలేదు. మా నాన్న పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు. పరుపుగుడ్డ మీద సుద్దముక్కతో నాకు తెలుగు అక్షరాలు దిద్దించాడు. అరబీ చదవడం మా మేనత్త నేర్పింది. అంతటి చదువు దొరికినందుకు ఈనాటికీ వాళ్ళ కోసం దువా చేస్తాను. తమ్ముడి ఇంట్లో ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండరు ఉండేది. తెల్లవారి నమాజు కాగానే పెన్సిలుతో ఒక గీత గీసేదాన్ని.

ఆగస్టులోనే వెళ్ళిపోదామన్నారు ఆయన. మిరపకాయలు కోల్డ్ స్టోరేజిలో ఉన్నాయి, ధర పైకి పోతోంది. మా తమ్ముడు, "మదీనా ఎక్కడికీ పోదులే బావా, కాస్త ఆగు, నీ కాయకి రేటొస్తది" అని నవ్వాడు. నేనూ ఆగుదామనే అన్నాను. చెల్లెలి కూతురి పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, నాకూ ఉండాలనిపించింది. రంజాన్ నెల మొదలయ్యేలోపు చేరితే చాలనుకున్నాం. నూట ఎనభయ్యో రోజుకి టికెట్లు తీశాం. ఆరు నెలలకు ఇంకా మూడు రోజులుందని నాకు ఎంతో నిబ్బరం.

హైదరాబాదు విమానాశ్రయంలో కౌంటరు దగ్గరి అమ్మాయి పాస్‌పోర్టు తిప్పి తిప్పి చూసింది.

"మీ గడువు అయిపోయిందండీ. మూడు రోజులైంది."

"ఇంకా మూడు రోజులుందమ్మా," అన్నారు ఈయన.

ఆ అమ్మాయి పాస్‌పోర్టులో అరబీ అంకెల ముద్రని వేలుపెట్టి చూపించింది. అక్కడి తేదీ హిజ్రీ తేదీ. ఆరు నెలలంటే ఆరు చంద్రమాసాలు. కొన్ని ముప్ఫై, కొన్ని ఇరవైతొమ్మిది. అన్నీ కలిపితే నూట డెబ్భై ఏడు. ఆడిటరు చెప్పిన లెక్కనే అక్కడి లెక్క కూడా అనుకుని కూర్చున్నాం. నెలవంక చూసి ఉపవాసం మొదలుపెట్టేదాన్ని, నెలవంక చూసి పండగ చేసుకునేదాన్ని, కాగితాల పనికి మాత్రం ఇంగ్లీషు తేదీలే అనుకున్నాను. ఆ ముద్రలోని అంకెలు నాకు తెలియనివి కావు. రోజూ ఖురాన్‌లో ప్రతి ఆయతు, అంటే వాక్యం, చివర చూసే అంకెలే. ఆ ఆరు నెలల్లో ఒక్కసారి ఆ పేజీ తెరిచి చూసినా సరిపోయేది.

యజమానికి ఫోన్ చేశాం. గడువు దాటకముందైతే పొడిగించేవాడినన్నాడు. ఆయన గొంతు కూడా నీరసంగా ఉంది. అప్పటికే దుకాణం కొడుకుల చేతికి వచ్చేసింది. అరవై నిండిన వాడికి కొత్త వీసా ఎవరు తీస్తారు? రెండు నెలలు తిరిగాం. తరవాత మానేశాం.

మార్చి దాటాక మళ్ళీ ఆడిటరు గారి దగ్గరికి వెళ్ళాల్సివచ్చింది. ఆయన కాగితం నింపుతూ, మీరిక ఇక్కడి నివాసులే అన్నాడు. అన్నేళ్ళు బయట ఉన్నారు కాబట్టి మొదటి రెండేళ్ళు మామూలు నివాసిగా లెక్కేయరనీ, అక్కడి డబ్బు మీద అప్పటిదాకా పన్ను పడదనీ సంతోషంగా చెప్పాడు. మా వారు తలూపారు. బయటికొచ్చి బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. టీ తాగుతారా అని అడిగితే, వద్దన్నారు.

చేను అమ్మలేదు. దాని గట్టు మీద సాయంత్రాలు నడిచేవారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు, మా తమ్ముడిని కూడా. రెండో ఏడు గుండె జబ్బు వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక, నేను దాచుకున్నది చెప్పేశాను.

"ఆ తేదీ నేను చదవగలిగేదాన్నండీ. చూడలేదు."

ఆయన నా వైపు తిరిగారు. "పాతికేళ్ళు రోజూ ఆ తేదీ వేసి బిల్లులు రాశానే. నాకు తెలీదా? ఇక్కడికొచ్చాక ఇక్కడివాణ్ణయిపోయాను. నీకు తట్టనట్టే నాకూ తట్టలేదు." దుప్పటి సర్దుకుని, "ఊళ్ళో మన దిబ్బ మీద వర్షానికి నీళ్ళు నిలుస్తాయా?" అని అడిగారు. మా వాళ్ళను పూడ్చే ఖబరస్తాన్ సంగతి. నిలవవన్నాను. అది అబద్ధం.

ఆయన పోయింది వానల్లో. ఆడవాళ్ళం ఖబరస్తాన్‌కి వెళ్ళం. తమ్ముడు తిరిగొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు, కాళ్ళకి మోకాళ్ళ దాకా నల్లరేగడి. తవ్వుతుంటే నీరు ఊరిందనీ, చెంబులతో తోడి, గడ్డి పరిచి దించామనీ చెప్పాడు. నేను నీళ్ళ బిందె తెచ్చి వాడి కాళ్ళ మీద పోశాను. ఆ మట్టి అంత తొందరగా వదలదు, చేత్తో రుద్దాల్సి వచ్చింది. వాడు ఏడుస్తూ, "నేనే ఆపానక్కా" అన్నాడు.

నేనూ ఆపలేదా అన్నాను. ఇంకో బిందె తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళాను.