పాడేరు ఘాటీ ఎక్కాల్సిన పాత కారుకి ఏ కార్బురేటర్?

మూడేళ్ల కిందటి వేసవి. మల్కాపురంలో రిఫైనరీకి దగ్గరి సందులో నా షెడ్డు. పాత పెట్రోలు కార్లు బాగుచేయడంలో నాకు తెలియనిది లేదని నమ్ముతున్న రోజులు.

పోర్టులో క్రేన్ ఆపరేటర్‌గా రిటైరైన సత్యారావుగారు తన చిన్న కారు తెచ్చారు. నలభై ఏళ్లు దాటిన బండి, వెయ్యి సీసీ ఇంజన్. వెంట ఆయన భార్య రమణమ్మగారు. పాడేరులో ఉంటున్న ఆమె చెల్లెలు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టిన కాలితో బస్సెక్కలేదు. ఘాట్ రోడ్డెక్కి ఆమెను విశాఖ తీసుకురావాలి. బండేమో చదును రోడ్డు మీదే మొరాయిస్తోంది.

కార్బురేటర్ విప్పాను. గాలిని, పెట్రోలును తగిన పాళ్లలో కలిపి ఇంజన్‌కు అందించేది అదే. అందులో గాలిని అదుపు చేసే రేకు ఉంటుంది. ఆ రేకు తిరిగే ఇరుసు అరిగిపోయి, పక్కల నుంచి గాలి లాగేస్తోంది.

“మార్చేయాలి సార్” అన్నాను.

ఆయనకు వినబడలేదు. ఏళ్ల తరబడి క్రేన్ల రొదలో పనిచేసి చెవులు దెబ్బతిన్నాయి. రమణమ్మగారు చెవి దగ్గర గట్టిగా చెప్పారు.

“అలగైతే పెద్దదే ఎయ్ బాబూ! ఘాటీ ఎక్కాల” అన్నారాయన.

నాకూ అదే సరదా. పెద్ద కారు నుంచి తీసిన ట్విన్ బ్యారెల్ ఒకటి నా దగ్గరుంది. గాలి వెళ్లడానికి ఒకటి కాక రెండు గొట్టాలు, రెండూ ఒకేసారి తెరుచుకునే రకం. అది బిగించి, షిప్‌యార్డు వైపు రోడ్డు మీద నేనే తోలి చూశాను. బండి దూసుకుపోయింది. నా పనితనానికి నేనే మురిసిపోయి తాళాలు అప్పగించాను.

మూడో రోజు పొద్దున్నే రమణమ్మగారు ఒక్కరే ఆటో దిగారు. మోచెయ్యి గీరుకుపోయి ఉంది.

“మూడో మలుపు కాడ బండి ఆగిపోనాది బాబూ. హేండు బ్రేకు లాగినా ఎనక్కి జారిపోతంది. ఎనకాల లారీ. నాను దిగీసి టైరు కింద రాయెట్టీసినాను.”

ఆవిడ వైపు స్టూలు జరిపాను. “తప్పు నాదేనమ్మా” అన్నాను.

“తప్పుల సంగతి తరవాత. నాను ఇన్నది సెప్తాను, ఇను. మలుపు తిరిగీసి ఏక్సిలేటర్ తొక్కీసరికి ఇంజను ‘బ్వా’ అని అరిసినాది గానీ లాగనేదు. పాతదానికి జోరు లేదు గానీ, బాగున్నన్నాళ్లూ కాలెయ్యగానే పలికీది.”

బండి బాగోలేదని చెప్పేవాళ్లే గానీ, ఎప్పుడు, ఎలా, ఏ శబ్దంతో అని చెప్పినవాళ్లను అంతవరకు నేను చూడలేదు. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అంత పెద్ద గొట్టాల్లో గాలి వేగం పడిపోతుంది. వేగం లేని గాలి పెట్రోలును సరిగ్గా లాగలేదు. నేను చదును మీద వేగంగా తోలాను కాబట్టి ఆ లోపం నా కంటపడలేదు.

“సార్ మలుపులో గేరు తగ్గించలేదా అమ్మా?”

“ఆయనకి ఇంజను ఇనబడితేగా! సౌండు బరువెక్కినాదంటే నాను బుజం మీద తడతాను. అప్పుడు మారుత్తారు. పెద్దది ఎట్టినాక సౌండే మారిపోనాది, నాకు ఆనవాలు తెలీనేదు.”

ఇద్దరూ కలిసి తోలే బండి అది. నేను ఇంజన్ సైజు అడిగాను, రోడ్డు గురించి విన్నాను, తోలే మనుషుల గురించి మాత్రం ఒక్క ముక్క అడగలేదు.

బండిని షెడ్డుకు లాగించి, పాత కార్బురేటర్‌నే ఆటోనగర్ తీసుకెళ్లి, లేత్ మీద ఇరుసు చుట్టూ ఇమిడే కొత్త ఇత్తడి బుష్‌లు చేయించాను. జెట్లు, అంటే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలు, శుభ్రం చేశాను. హ్యాండ్‌బ్రేకు కేబుల్ మార్చాను. “ఈసారి నేనూ వస్తాను” అన్నాను.

వెనక సీట్లో కూర్చుని ఘాట్ రోడ్డెక్కాను. మూడో మలుపు వచ్చింది. ఇంజన్ శబ్దం కాస్త బరువెక్కగానే రమణమ్మగారి చెయ్యి ఆయన భుజం మీద పడింది. గేరు మారింది. నేను ముందు సీటు గట్టిగా పట్టుకున్నాను. బండి ఎక్కడా తడబడకుండా మలుపెక్కేసింది. ఆయన వెనక్కి తిరక్కుండానే “పలికినాదా?” అని అరిచారు. “పలికినాది!” అన్నారావిడ.

పాడేరులో స్పార్క్ ప్లగ్ తీసి చూశాను. కొస కాఫీ రంగులో ఉంది. పాళ్లు కుదిరాయన్నమాట. తిరుగు ప్రయాణంలో వెనక సీటంతా చెల్లెలి కాలికే సరిపోయింది. నేను బస్సులో సంతోషంగా ఘాటీ దిగాను.

ఇప్పుడు ఏ పాత కారు వచ్చినా వెంటనే బానెట్ ఎత్తను. ముందు ఓనరును తోలమని పక్కన కూర్చుంటాను. ఇంజన్‌కు ఎంత గాలి కావాలో పుస్తకాల్లో ఉంటుంది, మనిషి ఎలా తోలతాడో ఉండదు. రమణమ్మగారికి ఆ రోజు నన్ను నలుగురిలో కడిగేసే హక్కుంది. కడిగేసి ఉంటే ఇంటికెళ్లి ఏదో సాకు వెతుక్కునేవాణ్ని. ఆవిడ స్టూలు మీద కూర్చుని, గీరుకున్న చేత్తోనే ఇంజన్ ఎలా అరిచిందో చూపిస్తూ ఓపిగ్గా చెప్పారు. నా పనిలో మిగిలిన సగం నేను అలా నేర్చుకున్నాను.