జూలీ ఒళ్లు ఆరబెట్టుకున్న చోటు

ఎవరైనా దయ్యాల సంగతి మొదలుపెడితే మధ్యలోనే అడ్డుపడే రకం నేను. మడికొండలో మా వాడకట్టు ఆడవాళ్లు నన్ను చూడగానే ఆ మాటలు ఆపేసేవారు. నిద్రలో గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఎందుకుంటుందో, పొలాల్లో రాత్రిపూట మంటలు ఎందుకు కనబడతాయో వాళ్లకు విడమరిచి చెప్పేదాన్ని. బడి ఏడో తరగతితో ఆగిపోయినా, హనుమకొండ గ్రంథాలయంలో తెలుగులో దొరికే సైన్సు పుస్తకాలన్నీ చదివాను. కొన్నింటిని రెండోసారి కూడా. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనను. కానీ కాజీపేటలో పట్టపగలు, నాతో పాటు మరో ఇద్దరు చూస్తుండగా జరిగిన దానికి నేను చదివిన ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. రైల్వే క్వార్టర్లకు కొంచెం అవతల సారమ్మ అనే పెద్దావిడ కుక్కలను చూసుకునే చోటొకటి నడిపేది. ఆమె భర్త రైలు గార్డుగా పనిచేసి చనిపోయాడు. రైల్వే ఆఫీసర్లు సెలవు మీద సొంతూళ్లకు వెళ్తూ తమ కుక్కలను ఆమె దగ్గర వదిలేవారు. కొందరు వారానికోసారి స్నానానికి పంపేవారు. జనం ఆ చోటును కుక్కల హాస్టల్ అని పిలిచి నవ్వుకునేవారు. నేను పనికి కుదిరిన రోజు మా అమ్మ కూడా నవ్వింది.

“మన పిల్లగాండ్లకే హాస్టల్‌ల సీటు దొరుకతలేదు, కుక్కలకు దొరికిందా?” అన్నది.

పని నాకు నచ్చింది. కుంకుడు రసంతో స్నానం చేయించడం, దూదితో చెవులు తుడవడం, గోళ్లు కత్తిరించడం, కాలివేళ్ల సందుల్లో దాక్కుని రక్తం పీల్చే గోమార్లను పట్టకారుతో తీసి కిరసనాయిలు డబ్బాలో వేయడం. సాయంత్రం వాటిని వాకిట్లోకి వదిలితే ఇక పండగే. పాత సైకిల్ టైరు ఒకటి, గుడ్డపేలికలతో చుట్టిన బంతి ఒకటి. టైరు కోసం రెండు కుక్కలు చెరోవైపు గుంజుకుంటుంటే దారిన పోయేవాళ్లు కూడా గోడ మీదుగా తొంగిచూసేవారు.

నాతో పాటు అక్కడ ఎస్తేరు పనిచేసేది. సారమ్మ చెల్లెలి కూతురు, నా ఈడుదే. ఆమె ఒక్క పుస్తకం ముట్టలేదు. అయినా ఆమె గేటు తీస్తే చాలు, కుక్కలన్నీ తోకలూపుతూ ఎదురు పరుగెత్తేవి. నేను వస్తే తలెత్తి చూసి మళ్లీ పడుకునేవి. వెంట్రుకల వాలు ఎటుంటే అటే దువ్వాలని, తడి చెవులు వదిలేస్తే పుండు పడతాయని చదివి తెలుసుకుని నేను పద్ధతిగా చేసేదాన్ని. ఆమె పాటలు పాడుకుంటూ ఎటుపడితే అటు దువ్వేది. కుక్కలకు మాత్రం ఆమే కావాలి. నాకు ఒళ్లు మండిపోయేది.

అందులోనూ జూలీ విషయంలో.

జూలీ తేనెరంగు ఆడకుక్క. చెవులు, తోక నిండా పొడుగాటి బొచ్చు. దాని యజమాని ఒక ఇంజనీరు. బదిలీ మీద దూరం వెళ్లిపోతూ, ఎవరికైనా మంచివాళ్లకు ఇమ్మని దాన్ని సారమ్మకు అప్పగించి పోయాడు. నాకు అది కావాలి. జీవితంలో ఏ వస్తువును గాని, ఏ మనిషిని గాని నేను అంతగా కోరుకోలేదు. ఇంట్లో పోట్లాడి అమ్మను ఒప్పించాను. నా మంచం కింద గోనెసంచి పరిచి చోటు కూడా సిద్ధం చేశాను. ఎస్తేరుకూ జూలీ కావాలి.

“ఏందే పద్మా, జూలీకి నువ్వంటే పాణమని గా పుస్తకంల గూడ రాసిండ్రా?” అని నన్ను వెక్కిరించేది.

ఇలా ఇద్దరు పోటీపడితే తేల్చడానికి సారమ్మకు ఒక పద్ధతి ఉండేది. తడిసిన కుక్కను వదిలేస్తే అది ఊరికే ఉండదు. పరుగెత్తుకెళ్లి తనవాళ్లనుకున్న మనిషికి ఒళ్లు రాసుకుని ఆరబెట్టుకుంటుంది. కాబట్టి కుక్కకు సారమ్మే స్నానం చేయించి వదిలేది. కావాలన్నవాళ్లు దూరంగా నిలబడాలి. పిలవకూడదు, చేయి చాపకూడదు, కొంగులో తినేది దాచుకోకూడదు. అది ఎవరి బట్టలు తడిపితే వాళ్లదే కుక్క.

“అన్నం పెట్టిన చెయ్యిని జూసి తోక ఊపుతది గని, తడి ఒళ్లు మాత్రం ఊరికె ఎవలకూ రాయది బిడ్డా” అనేది.

మా పోటీ తేల్చడానికి ఒక ఆదివారం, ఎస్తేరుతో కలిసి చర్చి నుంచి వచ్చాక సారమ్మ జూలీకి స్నానం చేయించింది. ఎండ నడినెత్తి మీద ఉంది. నేను నల్లా దగ్గర నిలబడ్డాను. ఎస్తేరు వంటింటి గడప దగ్గర నిలబడింది. మా ఇద్దరికీ నడుమ, ఒక పక్కగా ప్రహరీ గోడ. ఈస్టరు కోసం కొత్తగా సున్నం వేసి ఉంది. అక్కడ ఎవరూ లేరు. వాకిట్లో మేం ముగ్గురం తప్ప వేరే మనిషే లేదు.

సారమ్మ చేయి వదిలింది. జూలీ తిన్నగా నా వైపే వచ్చింది. నన్నే ఎంచుకుందనుకున్నాను. అయితే అది నా దాకా వచ్చి గోడ వైపు మళ్లింది. గోడకు మూరెడు ఇవతల ఆగి, నడుమంతా ఊగిపోయేలా తోక ఆడించింది. తర్వాత పక్కకు ఒరిగింది.

ఇక్కడ నేను జాగ్రత్తగా చెప్పాలి. అది గోడకు ఆనుకోలేదు. గోడకూ దానికీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీ మీదికే ఒళ్లంతా వాల్చింది. కాళ్లు ఏటవాలుగా ఉన్నాయి. అలా వాలిన ఏ జంతువైనా పడిపోవాలి. అది పడలేదు. ఒక పక్క రాసుకుని, తిరిగి రెండో పక్క రాసుకుంది. ఎవరో గదవ కింద గోకుతున్నట్టు తల పైకెత్తి కళ్లు మూసుకుంది.

ఆ తర్వాత గట్టిగా విదిలించుకుంది. నీళ్లు గోడ మీద చిమ్మి, తెల్లటి సున్నం నల్లబడింది. మధ్యలో మాత్రం కొంతమేర తడవలేదు. కింద రెండు కాళ్లంత సన్నగా, పైన నడుమంత వెడల్పుగా, మనిషి అడ్డం నిలబడితే ఎంత చోటు పొడిగా మిగులుతుందో అంతే మిగిలింది.

“పెద్దమ్మా, గోడ సూడు! గోడ సూడే!” అని ఎస్తేరు అరిచింది.

సారమ్మ చూసింది. “యేసయ్యా” అంటూ మెట్టు మీద కూలబడింది.

నాకు భయం వేయలేదు. గొప్పకు చెప్పడం లేదు, నిజంగానే వేయలేదు. నాకు కలిగింది ఈర్ష్య. అప్పటిదాకా ఎస్తేరు మీద ఉన్నదంతా ఒక్కసారిగా అటు మళ్లింది. ఎస్తేరైతే కళ్లకు కనబడుతుంది. ఆమె పాడితే నేనూ పాట నేర్చుకోవచ్చు. ఆమె నవ్వితే నేనూ నవ్వవచ్చు. అక్కడున్నదాన్ని చూసి నేనేం నేర్చుకోను?

విసవిసా వెళ్లి, జూలీకీ గోడకూ మధ్యలో నిలబడ్డాను. చల్లగా గాని వెచ్చగా గాని ఏమీ అనిపించలేదు. జూలీ కళ్లు తెరిచి నన్ను చూసింది. రైల్లో రుమాలు వేసి ఆపుకున్న సీట్లో వేరేవాళ్లు వచ్చి కూర్చుంటే చూస్తామే, అలా చూసింది. తర్వాత రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ వాలింది.

గోడ ఆరిపోయాక నేను ఒక పరీక్ష చేశాను. అక్కడ నూనె మరకో జిడ్డో ఉంటే నీరు పట్టదు. చెంబుతో ఆ చోటంతా నీళ్లు చల్లాను. ఒక్క అంగుళం మిగలకుండా గోడంతా ఒకేలా తడిసింది.

ఆ ఇంట్లో ఎవరైనా చనిపోయారా అని కూడా వాకబు చేశాను. సారమ్మ భర్త పోయింది వేరే ఊళ్లో. జూలీ ఆ ఇంట్లో అడుగుపెట్టింది ఆయన పోయిన చాలా ఏళ్లకు. ఇంజనీరు కుటుంబంలో అందరూ నిక్షేపంగా ఉన్నారు. చనిపోయినవాళ్లెవరూ లేని చోట ఇది దయ్యమని నమ్మడానికి కూడా నాకు ఆధారం దొరకలేదు.

ఎస్తేరు మర్నాడే వెనక్కు తగ్గింది. “నాకద్దు తల్లీ, నువ్వే తీస్కపో. దానికి కావల్సినోళ్లు ముందుగాల్నే ఉన్నరు” అన్నది. అలా జూలీ నాదైంది.

మా ఇంట్లో అది బాగా కలిసిపోయింది. నా చేత్తో పెడితేనే తినేది. నా మంచం కిందే పడుకునేది. నాకు జ్వరమొస్తే గడప దాటేది కాదు. ఊరంతా దాన్ని పద్మ కుక్క అనేవారు. స్నానం రోజున మాత్రం నా దగ్గరకు వచ్చేది కాదు. విదిలించుకుని ఎండలో పడుకునేది. నేను తువ్వాలు పట్టుకుని వెంటపడితే ఓపిగ్గా తుడిపించుకునేది, అంతే. ఏళ్ల తరబడి, ప్రతి స్నానానికీ నేను ఎదురుచూశాను.

జూలీ ముసలిదైపోయింది. అప్పటికి ఎనభైల నడుమకు వచ్చాం. ఒక చలికాలం పొద్దున పెరట్లో వేడినీళ్లతో స్నానం చేయించి, రెండు చేతులూ చాచి దాని ముందు గొంతుక్కూర్చున్నాను. నా వెనక కొంచెం దూరంలో అమ్మ కట్టెల పొయ్యి మీద ఎసరు పెడుతోంది.

జూలీ లేచింది. వణుకుతున్న కాళ్లతో, తోక ఊపుతూ తిన్నగా నా దగ్గరికే వచ్చింది. ఈసారి పక్కకు మళ్లలేదు. నా మోకాలికి జానెడు దూరంలో ఆగి, పక్కకు ఒరిగి, కళ్లు మూసుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లకు వచ్చిందనుకున్నాను.

కానీ దాని బరువు నా మీద పడలేదు. జానెడు దూరం జానెడు దూరంగానే ఉంది.

తర్వాత అది విదిలించుకుంది.

“అయ్యో, నీళ్లన్ని నా మీదనే వడ్డయే! పొయ్యి ఆరిపోతది, జర దాన్ని అవుతలికి తీస్కపో!” అని వెనక నుంచి అమ్మ అరిచింది.

తిరిగి చూస్తే అమ్మ ముఖం మీద, చేతుల మీద నీళ్లు. నా చీర తడిమి చూసుకున్నాను. కుచ్చిళ్లు, ఒడి, కొంగు అన్నీ పొడిగా ఉన్నాయి. ఒక్క చుక్క పడలేదు.

నా ముఖం చూసి అమ్మ పొయ్యి వదిలి వచ్చింది. “ఏం కనవడ్డదే?” అని మెల్లగా అడిగింది. ఏమీ కనబడలేదని చెప్పాను. అది నిజమే.

ఆ చలికాలం దాటకుండానే జూలీ పోయింది. తర్వాత నేను చాలా చదివాను. జంతువుల మనసు గురించి, వాసనల గురించి, భ్రమల గురించి. గోడ మీద మిగిలిన పొడిచోటుకు గాని, తడవని నా చీరకు గాని సరిపోయే మాట ఒక్కటీ దొరకలేదు. మా మధ్య నిలబడింది ఎవరో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో నేను చెప్పలేను. ఉన్నారంటే మాత్రం, వాళ్లేం చేస్తే అది అంత దగ్గరికి వెళ్లిందో నాకు చెప్పాలి. అన్నం పెట్టింది నేను.