ఫిర్దౌస్ అక్క వెనకడుగు

మా ఫిర్దౌస్ అక్క ముందుకు నడవగా చూసినవాళ్లు తక్కువ. దేన్ని చూడాలన్నా కళ్లు దాని మీదే పెట్టి వెనక్కి నడుస్తుంది. నరసరావుపేటలో ఎల్‌ఈడీ తెరలు అద్దెకిచ్చే పని ఆమెది, సౌండ్ బాక్సులు నావి. పెళ్లిళ్లకూ సభలకూ కలిసే పోతుంటాం.

"ముందు చూసేవాడు యాడ ఉంటాడో తెలియాలిరా తేజా, తెర సంగతి తర్వాత" అంటుంది. తెరలో దీపానికీ దీపానికీ మధ్య ఎన్ని మిల్లీమీటర్ల ఎడముంటే, చూసేవాడు కనీసం అన్ని మీటర్ల దూరంలో ఉండాలట. లెక్క తెలిసినా, నడిచి చూస్తేగాని ఆమెకు నమ్మకం కుదరదు. అలా నడిచే ఒకసారి మురుగుకాలవలో పడింది. ఇంకోసారి ఫంక్షన్ హాలు గుమ్మం దాటి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న మంగలి షాపు కుర్చీలో కూలబడింది. "ఇక్కణ్ణుంచి బాగుందిరా" అని అక్కణ్ణుంచే ఫోన్ చేసింది. చీరల కొట్లోనూ అంతే. సేల్స్ అమ్మాయి చీర విప్పి పట్టుకునేసరికి ఈమె వీధిలో ఉంటుంది.

మొన్న గురజాల దగ్గర ఎడ్ల బండలాగుడు పోటీలకు తెర కావాలన్నారు. కమిటీ పెద్ద వీరయ్య బాబాయ్ మా గోడౌన్‌కొచ్చి, దీపాలు దగ్గర దగ్గరగా ఉన్న సన్న తెరకు ముక్కు ఆనించి మురిసిపోయాడు. పక్కనే దీపాలు ఎడం ఎడంగా ఉన్న పెద్ద తెర ముందుకొచ్చేసరికి మొహం ముడిచాడు.

"ఏందమ్మాయ్ ఇది, జొన్నలు ఆరబోసినట్టుంది."

"నీ జనం యాడ నిలబడతారు బాబాయ్?"

"గట్ల మీద, ట్రాక్టర్ల మీద. చానా దూరం."

"అయితే ఈ పెద్దదే. ఆ దూరానికి జొన్నలు కనపడవు, ఎద్దులే కనపడతయ్. ఆ సన్నది ఉందే, అంత దూరాన్నుంచి సెల్‌ఫోనంత ఉంటది."

"బొమ్మ బాగాలేదో, ఈ చుట్టుపక్కల ఇంకో పోటీకి నిన్ను పిలవనియ్యను."

"సరే" అంది అక్క.

పోటీల ముందురోజు పొద్దున పెద్ద తెర కట్టి బొమ్మ వేశాం. అక్క దానివైపు చూస్తూ వెనక్కి బయల్దేరింది. బరి దాటింది, గట్లు దాటింది, చివరికి చెట్టుకు కట్టేసిన ఎద్దును వీపుతో గుద్దింది. దాని పక్కన ముసలామె, పందెం ఎడ్ల జత తెచ్చిన పిచ్చమ్మ మామ్మ.

"కళ్లు లేవా ఏందే నీకు?"

"వెనకవైపు లేవు మామ్మా."

"నాకు ముందు కూడా లేవులే. మొహంలో మొహం పెడితేగాని ఎద్దో మనిషో తెలవదు. ఈ బుల్లోణ్ణి దూడప్పటి నుంచి సాకా. వీడు బండ లాగుతుంటే మాత్రం ఒక్కసారీ సరిగ్గా చూళ్ళా. అరుపులు వినటమే."

అక్క మధ్యాహ్నం వ్యాను తీసుకుని పేటలో గోడౌన్‌కు పోయింది.

మర్నాడు గట్ల నిండా జనం. వీరయ్య బాబాయ్ చిట్టచివరి ట్రాక్టర్ దాకా నడిచి తెరవైపు తిరిగాడు. ఎద్దు ముక్కుతాడు ముడి కూడా కనబడుతోంది. తిరిగొచ్చి మైకు తీసుకుని, "ఈ తెర నేనే ఏరి తెచ్చా" అని గంభీరంగా ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా అక్కే కొట్టింది.

ఆఖరున పిచ్చమ్మ మామ్మ ఎడ్లు బరిలోకి దిగాయి. అప్పటికి అక్క కనబడలేదు. వెతుక్కుంటూ పోతే షామియానా వెనక నీడలో దొరికింది. మామ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె మొహానికి బెత్తెడు దూరంలో, సన్న తెర నుంచి విడదీసి తెచ్చిన ఒక పలక. అందులో, బరిలోని కెమెరా చూపిస్తున్న బుల్లోడి మొహం.

"ఈ దూరానికి ఇదే కావాలిరా" అంది అక్క, నేను అడగకముందే.

"మెడ వంచు నాయనా, పక్కోడితో కలువు" అని మామ్మ ఆ పలకకు చెబుతోంది. బండ కదిలింది. గడువు గంట మోగేసరికి, జతలన్నిటికంటే ఎక్కువ దూరం లాగింది మామ్మ ఎడ్లే. గట్లు అదిరిపోయాయి.

మామ్మకు అదేమీ పట్టలేదు. "నురగ కారిపోతందే నా బుల్లోడికి" అంటూ కొంగు తీసి పలకను గట్టిగా తుడవసాగింది. అది పడిపోకుండా అక్క రెండు చేతులా పట్టుకుంది.

"చెవి దగ్గర కూడా తుడువు మామ్మా" అంది.