పల్లికాయలు ఒలిచిన స్కేట్లు

మా అమ్మాయి కొత్త స్కేట్ల డబ్బా తెరవగానే గదంతా రబ్బరు వాసన కమ్ముకుంది. ఆ వాసనకు ఇంకెవరికి ఏం గుర్తొస్తుందో నాకు తెలియదు. నాకు మాత్రం దాని వెనకే ఆముదం వాసన, పల్లికాయల మట్టి వాసన వచ్చేస్తాయి. ఆ రెండింటి వెనక, వాకిట్లో పీట వేసుకుని మణెమ్మ పెద్దమ్మ కూర్చుని ఉంటుంది.

పెద్దమ్మ అంటున్నాను గానీ మాకు చుట్టరికం లేదు. వనపర్తిలో మా పక్కిల్లు ఆమెది. పెబ్బేరు దారిలో చేను, ఇంటి నిండా పల్లికాయ బస్తాలు, నోటి నిండా తిట్లు. వీధిలో ఎవరింటి సంగతైనా తన సంగతే అనుకునేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా బడిలో స్కేటింగ్ మొదలుపెట్టారు. నాన్న కర్నూలు వెళ్లి తోలు బూట్లతో ఉన్న స్కేట్లు తెచ్చారు. చూడడానికి తెల్లగా ముద్దొచ్చేవి. తొడిగితే మాత్రం కరిచేవి. వారం తిరగకుండానే మడమల మీద బొబ్బలు లేచి పగిలాయి. బాలల దినోత్సవం నాడు ఊళ్లో పెద్దల ముందు మా ప్రదర్శన ఉంది. "గిట్లనే కుంటుకుంట వస్తే వరుసలకెల్లి తీసేస్త," అని పీఈటీ సారు అందరి ముందూ చెప్పేశారు. ఆ వరుసలో నిలబడడం తప్ప అప్పట్లో నాకు వేరే కోరిక లేదు. ఇంటికొచ్చి స్కేట్లను ఓ మూలకు విసిరి, అరుగు మీద కూర్చుని ఏడ్చాను.

గోడ మీంచి మణెమ్మ పెద్దమ్మ తల కనిపించింది. "ఎవలు సచ్చిన్రు పిల్లా, గంతగనం ఏడుస్తున్నవ్?"

చెప్పాను. గోడ చుట్టి వచ్చి, బూటును బొటనవేలితో నొక్కి చూసి పెదవి విరిచింది. "కొత్త చెప్పులు తొడిగిన నాడే సంతకు పోతరా ఎవలన్న? ముందుగాల ఇంట్ల కూసోని తొడగాలె. చెప్పుకు కాలు, కాలుకు చెప్పు అలవాటు గావాలె."

"కూసోని స్కేటింగ్ ఎట్ల చేస్తరు పెద్దమ్మా?"

"చెయ్యకు. కూసో. నొప్పి పోవాల్నా, వద్దా?"

"పోవాలె."

అవి పల్లి విత్తే రోజులు. మిషన్‌లో పడితే గింజ చితుకుతుందని, విత్తనం పల్లిని పెద్దమ్మ చేత్తోనే ఒలిపించేది. సాయంత్రం వీధి ఆడవాళ్లంతా ఆమె వాకిట్లో చేరేవారు. మర్నాటి నుంచి వాళ్లలో నేనూ ఒకదాన్ని. పెద్దమ్మ బూట్ల తోలుకు గోరువెచ్చటి ఆముదం పట్టించింది. మడమల దగ్గర తన పాత నూలు చీర ముక్కలు పెట్టింది. తాళ్లు వదులుగా కట్టి నన్ను కాయల కుప్ప ముందు కూర్చోబెట్టింది. "చేతులు ఊకెనే ఉంటే మనసంత కాళ్ల మీదికే పోతది. ఒలువు," అంది. నొప్పి అంటే విప్పేది, తగ్గిందంటే మళ్లీ తొడిగేది. రోజురోజుకూ తాళ్లు కాస్త కాస్త బిగించేది. పారిపోదామంటే కాళ్లకు చక్రాలాయె. ఒకసారి ఐసుబండి గంట వినబడి ఆశగా లేచాను. లేచినదాన్ని లేచినట్టే జారి కుప్పలో పడ్డాను.

"పని ఎగ్గొట్టి ఉరికేటోళ్లను జూసిన గని, గిట్ల జారేదాన్ని ఇప్పుడే జూస్తున్న," అంది పెద్దమ్మ. ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు.

మా అమ్మకు అనుమానం వచ్చింది. "పిల్లకు సాయం చేస్తున్నవా అక్కా, పని చేయించుకుంటున్నవా?" అని అడిగింది.

"రెండూ," అంది పెద్దమ్మ, తల ఎత్తకుండా.

బస్తాలు ఖాళీ అయ్యేసరికి బూట్లు పాత చెప్పుల్లా మెత్తబడ్డాయి. నేను కుంటకుండా నడవడం చూసి సారు నన్ను వరుసలో ఉంచారు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అయితే ప్రదర్శన నాటి పొద్దున, మిగిలిన ఆముదం పారబోయడం ఎందుకని, బండి ఇరుసుకు పెట్టినట్టే పెద్దమ్మ చక్రాలకు కూడా దట్టంగా పెట్టేసింది. పెట్టి, స్కేట్లను పల్లి పొట్టులో ఆరబెట్టింది. బడిలో హడావిడిగా తొడుక్కున్న నేను అదేమీ చూసుకోలేదు.

పాట మొదలవగానే అందరూ సర్రున వెళ్లిపోయారు. జిడ్డుకు పొట్టు అంటుకున్న చక్రాలతో నేను బరువెక్కిన ఎడ్లబండిలా కదిలాను. వాళ్లు మైదానం చుట్టి వచ్చేసరికి నేను సగం దూరంలో ఉన్నాను. నా వెనక దారి పొడుగునా పొట్టు రాలుతోంది. జనం నవ్వుతుంటే నేలలోకి దిగిపోవాలనిపించింది. చివరి వరుసలోంచి ఒక గొంతు ఖంగుమంది. "మెల్లగ పో బిడ్డా! ఎవలు తరుముతున్రు నిన్ను?"

దాంతో సారు కూడా నవ్వేశారు. ఎలాగో ఆ చుట్టు పూర్తిచేసి, ఉడికిపోతూ నేరుగా ఆమె దగ్గరికి వెళ్లాను.

"చక్రాలకు ఆముదం ఎందుకు పెట్టినవ్ పెద్దమ్మా? అందరికంటె ఎనకబడ్డ!"

ఆమె వంగి, నా మేజోడు కిందికి లాగి మడమ చూసింది. "నొచ్చిందా?"

"నొయ్యలే."

"మరి ఏంది నీ లొల్లి? నొప్పి పోవాలె అన్నవ్. ఉరకాలె అని నాకెప్పుడు చెప్పినవ్?"

మేజోడు పైకి లాక్కుని వచ్చేశాను. నాన్న కిరోసిన్‌తో చక్రాలు కడిగాక నేనూ అందరిలా సర్రున తిరిగాను గానీ, వీధి ఇప్పటికీ చెప్పుకునేది ఆ పొట్టు రాలిన చుట్టు గురించే. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆమె అంటే నాకు ఎంత ప్రేమో, బతికున్నప్పుడు ఒక్కసారీ చెప్పలేదు. తర్వాత కొత్త ఉద్యోగం కరిచింది, కొత్త కాపురమూ కొన్నాళ్లు కరిచింది. అప్పుడల్లా ఉరకడం మానేసి, చేతులకు ఏదో ఒక పని చెప్పి కూర్చునేదాన్ని. కొన్నాళ్లకు అవీ మెత్తబడేవి.

"అమ్మా, మడమ దగ్గర కరుస్తోంది," అని మా అమ్మాయి మూలిగింది. వంటింట్లోకి వెళ్లి పళ్లెం నిండా పల్లికాయలు తెచ్చి ఒళ్లో పెట్టాను.

"ఇవెందుకు?"

"ఒలువు."

"ఎంతసేపు?"

"అయిపోయేదాకా."

అది గొణుక్కుంటూ మొదటి కాయ చిట్లించింది. నేను ఆముదం సీసా తీసి బూట్లకు మాత్రమే రాశాను.