నడుమ పేజీలో చేతులు

మొన్న ఉడుమలైపేట నుంచి మా మామ మనవడు ఫోన్ చేశాడు. "పిన్నమ్మా, తాతకు నూరేళ్ల ఫంక్షన్ చేస్తాండాము. ఆయన పొస్తకం మళ్లీ ప్రింట్ ఏస్తాము. ఏమన్నా మార్చేది ఉంటే చెప్పండి, సరియా?" అన్నాడు. మామ అంటే మా అమ్మకు అన్న, స్పిన్నింగ్ మిల్లు ఓనరు; పోయి చాలా ఏళ్లయింది. ఆ పుస్తకం ఆయన జీవితచరిత్ర. రాసింది నేనే. నా రాతల్లో నాకు అసహ్యం పుట్టించేది అదొక్కటే. ఫోన్ పెట్టేసి బీరువాలోంచి తీసి చూశాను. అట్ట మీద బంగారు అక్షరాలు ఇంకా సిగ్గు లేకుండా మెరుస్తున్నాయి.

మామకు సీజర్ పిచ్చి. మదురైలో చదివే రోజుల్లో ఏ మాస్టరు ఎక్కించాడో గానీ, ఆఫీసు గదిలో ఆ రోమ్ నాయకుడి సున్నపు బొమ్మ పెట్టుకుని, దానికి రోజూ దుమ్ము దులపడానికి ఒక మనిషిని పెట్టాడు. మిల్లుకు తాళం వేసి జనాన్ని పస్తు పెట్టిన రోజును కూడా, ఏదో నది దాటి దండయాత్రకు పోయినట్టు చెప్పుకునేవాడు. నిజానికి ఇద్దరికీ కలిసింది బట్టతల ఒక్కటే. మిల్లు ఇరవై ఐదేళ్ల పండుగ దగ్గరపడినప్పుడు, చరిత్రలో అప్పుడే బి.ఏ. ముగించిన నన్ను పిలిచి, మద్రాసు నుంచి తెప్పించిన నాలుగు సీజర్ చరిత్రలు ముందర పెట్టాడు. "అమ్మిణీ, దీంట్లో ఏది మేలో చూడు. అదే మాదిరి నా కత రాయి. నీ కాలేజీ ఉజ్జోగం నేను చూసుకుంటా" అన్నాడు. నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా నాయన ఆ మిల్లులోనే పత్తి సెలెక్టరు. బిగించి కట్టిన పత్తి బేలుకు చుట్టిన ఇనుప పట్టీ తెంపించి, మోచేతి దాకా లోపలికి చెయ్యి దూర్చి, నడుమ నుంచి పిడికెడు దూది లాగేవాడు. దాన్ని రెండు బొటనవేళ్ల మధ్య సాగదీసి పోగు పొడవు చూసేవాడు. పైన పరిచిన మంచి పత్తి చూసి కొనేవాళ్లంటే ఆయనకు మంట. నేను ఆ నాలుగు పుస్తకాలూ ఇంటికి తెస్తే వాటికీ అదే పరీక్ష పెట్టాడు. "మొదుట్లో చివర్లో ఎవుడైనా బాగానే రాస్తాడు, అమ్మిణీ. నడుమ చూడు" అన్నాడు. సీజర్ కథ నడుమ ఏముందో ఆయనకు తెలుసు. గాల్ దేశంలో ఎదురుతిరిగిన చివరి కోట లొంగిపోయాక, ఆయుధం పట్టినవాళ్లందరి చేతులూ నరికించి, మిగతావాళ్లు చూసి భయపడాలని ప్రాణాలతో వదిలేశాడు. బంగారు అక్షరాలతో దిండంత లావున్న మొదటి పుస్తకంలో ఆ చేతుల జాడే లేదు. రెండోది 'కఠిన చర్యలు' అని ఒక ముక్కతో దాటేసింది. మూడోది ప్రాణం తీయకపోవడం దయ అని మెచ్చుకుంది. "దయా?" అని నాయన ఆ పుస్తకాన్ని గోడకేసి కొట్టాడు. ఆయన పుస్తకం విసరడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాలుగోది అట్ట ఊడిన సన్నపాటి తమిళ పుస్తకం. చేతులు నరికించాడని రాసి, ఆ తరువాత వాళ్లకు అన్నం ఎవరు తినిపించారో ఎక్కడా రాసిపెట్టలేదని ఒక వాక్యం చేర్చింది. నాయన అది రెండుసార్లు చదివి "ఇది పాస్" అన్నాడు, పత్తికి చెప్పినట్టే.

నాయన కోపం రోమ్ మీద కాదు. ఆయన దగ్గర బేళ్ల పట్టీలు తెంపే మనిషి, చర్చి వీధి తెలుగాయన, ఆ ఏడే దూది ఏకే కార్డింగ్ మెషీన్‌కు మారాడు. ఆ మెషీన్‌కు మూత లేదు. ఆయన కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. యూనియన్ నిలదీస్తే మామ 'తాగొచ్చినాడు' అని చెప్పి ఆయన్ను పనిలోంచి తీసేశాడు. ఆయన కల్లు కూడా ముట్టడని వీధంతా తెలుసు. ఒకరోజు మా వాకిట్లోకి వచ్చి, గుడ్డ చుట్టిన చెయ్యి వెనక దాచుకుని నిలబడ్డాడు. "సామీ, పాప పొస్తకం రాస్తా ఉందంటనే. నేను తాగలేదని ఒక వరస ఏస్తే సాలు. నా పిల్లోళ్లు చదువుకుంటారు" అన్నాడు. నాయన నా వైపు చూసి, "రాస్తుందిలేప్పా" అన్నాడు.

నేను రాయలేదు. బంగారు అక్షరాల పుస్తకాన్నే మాదిరిగా పెట్టుకున్నాను. 'ఆ ఏడు చిన్నచిన్న ఒడిదుడుకులు వచ్చినా యజమాని చలించలేదు' అని రాశాను. మొదటి ప్రతిని కారమడై రంగనాథుడి పాదాల దగ్గర పెట్టి తెచ్చారు. నాకు ఉద్యోగం వచ్చింది. నాయన పుస్తకాన్ని సరిగ్గా నడుమకు తెరిచి, నిలబడే చదివాడు. మూసి నా చేతికిచ్చి, "పైన మాత్రం బాగుండాది" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ నాతో ఏ పుస్తకం గురించీ మాట్లాడలేదు. నేను ఏళ్ల తరబడి మామను తిట్టుకున్నాను. చచ్చినవాణ్ణి తిట్టడం సులువు.

ఈసారి మార్చవలసింది రాసి పంపాను: 'ఆ ఏడు మూత లేని మెషీన్‌లో ఒక మనిషి చెయ్యి పోయింది. ఆయన తాగలేదు. యజమాని అబద్ధం చెప్పాడు, నేను దాచాను.' సాయంత్రానికే మనవడు మళ్లీ ఫోన్ చేశాడు. "ఇది వద్దు పిన్నమ్మా, ఫంక్షన్‌కు వొచ్చినోళ్లకు ఇచ్చేది కదా" అన్నాడు. "అట్లయితే నా పేరూ వద్దు" అన్నాను. వాడు వెంటనే "సరి" అన్నాడు. ఆ నాలుగు ముక్కలు రాయడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. చదువుకుంటారని ఆయన చెప్పిన పిల్లల తలలు ఈపాటికి నెరిసి ఉంటాయి.