చైర్మన్ కుర్చీ ఉన్న చోట

మా ముత్తాత రామభద్రం, తాత సీతాపతి, నాన్న జగన్నాథం. ముగ్గురూ మా ఊరి మునసబులు. మా స్థలంలో, మా ఖర్చుతో కట్టిన చావడి అరుగు మీద కూర్చుని శిస్తు వసూలు చేశారు, తగవులు తీర్చారు. నాన్న హయాంలో ప్రభుత్వం ఆ పదవిని రద్దు చేసింది. అప్పటికే పొలాలు పోయాయి. చావడి మిగిలింది, కుర్చీలో వీపు ఆనించకుండా కూర్చునే అలవాటు నాకు మిగిలింది. ఈ ఉదయం న్యూజిలాండ్‌లోని ఫ్లాట్ బుష్‌లో మా ఇంటి దగ్గరి బేకరీ ముందు కారు ఆపగానే పిండి తొడుగులో చీజ్ కూరి కాల్చే వేడి వేడి పైల వాసన వచ్చింది. మార్గరెట్ గుర్తొచ్చారు.

టౌరంగాకి అవతల ఒక పల్లె జిల్లా కౌన్సిల్‌లో నేను రోడ్ల ఇంజనీరుగా చేరినప్పుడు మా విభాగానికి ఆవిడే పెద్ద. మొదటి వారం నన్ను కారెక్కించుకుని, నది కొండల్లో పుట్టే చోటు నుంచి సముద్రంలో కలిసే చోటు దాకా తిప్పారు. నేను పటం తెరిస్తే, "మూసెయ్యి. ముందు నీళ్లు ఎటు పోతున్నాయో చూడు. గీతలు మనుషులు తర్వాత గీసుకున్నవి," అన్నారు. కింది మైదానమంతా ఒకప్పుడు చిత్తడి నేల. కాలువలు తవ్వి ఆరబెట్టి పాడి పశువులను, ఆ తర్వాత కివీ తోటలను పెంచారు. పాలనకు కౌంటీ ఉండేది, మన తాలూకా లాంటిది. ఆవిడ తాత దానికి చైర్మన్. నా ముఖంలో గౌరవం కనిపించింది కాబోలు, "అంత లేదులే. తరతరాలుగా ఇది మావోరీల నేల. మా తాత చివర్లో వచ్చినవాడు," అని నవ్వారు. తర్వాత కౌంటీలు రద్దయ్యాయి, ఇది పక్కవాటితో కలిసి జిల్లా అయింది.

ఆ రోజుల్లోనే విజయవాడ నుంచి మా చెల్లెలు శారద వాట్సాప్‌లో పోరుతుండేది. చావడిని టిఫిన్ సెంటర్ కోసం ఎవరో అడుగుతున్నారు. నేను ఒప్పుకుంటే తప్ప అమ్మడం కుదరదు.

"తాతయ్య తీర్పులు చెప్పిన అరుగు మీద ఇడ్లీలా?" అన్నాను.

"ఇప్పుడు అక్కడ కుక్కలు పడుకుంటున్నాయి అన్నయ్యా. వానొస్తే బడిపిల్లలు ఆ కప్పు కిందే నిలబడతారు. ఎవరి నెత్తిన పడుతుందోనని నాకు భయం. న్యూజిలాండ్ నుంచి నువ్వు కాపలా కాస్తావా?"

ఫోన్ పెట్టేశాను.

మర్నాడు మధ్యాహ్నం మార్గరెట్ నన్నో బేకరీకి తీసుకెళ్లారు. ఎత్తయిన కిటికీలు. గుమ్మం మీద 'కౌంటీ కార్యాలయం' అని చెక్కిన అక్షరాలు. పైలు వెచ్చగా ఉంచే గాజు పెట్టె వైపు చూపించి, "మా తాత కుర్చీ సరిగ్గా అక్కడ ఉండేది," అన్నారు.

"మీకు కష్టంగా లేదా?"

"చాలా కాలం ఈ వీధిలోకే రాలేదు. తర్వాత ఒకరోజు ఆకలేసింది." ఆవిడ చేతిలోని చీజ్ పైని కొరికారు. "తాత మీటింగులకు జనం ఇంత ఇష్టంగా ఎప్పుడూ రాలేదు. ఆయన వేయించిన రోడ్డు మీదే కదా ఇవాళ మనం వచ్చాం. ఇంక కుర్చీ ఎందుకు? తిను, చల్లారిపోతుంది."

తింటూ చావడి సంగతి చెప్పాను. "కొనేవాళ్లు మా తాత ఫొటో పెడతారేమో అడగాలనుంది," అన్నాను.

"ఇడ్లీ బాగుంటుందా అని అడుగు."

నాకూ నవ్వొచ్చింది. శారద నిద్ర లేచే వేళ దాకా ఆగి, ఫోన్ చేసి, అమ్మేద్దాం అన్నాను. "బతికించావు అన్నయ్యా," అంది. నేను కుర్చీలో వెనక్కి వాలాను. వీపుకి చెక్క తగిలింది. హాయిగా ఉంది.

ఇప్పటికీ ఎక్కడ రోడ్డు వేయాలన్నా ముందు నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తాను. పటం ఆ తర్వాతే. చావడినీ, అరుగునూ, వెనక ఉన్న కాస్త ఖాళీ స్థలాన్నీ కలిపి అమ్మేశాం. ఆ ఏడాది వానలకు ముందే కొన్నవాళ్లు చావడికి కొత్త కప్పు వేయించారు. బడిపిల్లలు ఇప్పటికీ దాని కిందే నిలబడతారట. చావడినీ, అరుగునూ, వెనక ఉన్న కాస్త ఖాళీ స్థలాన్నీ కలిపి అమ్మేశాం.