కార్డు రాకముందే చెబుతున్నాను

సహోదరులారా, సహోదరీలారా, ముందే చెప్పేస్తున్నాను, మా ఆయన ప్రసాద్‌కు కెనడా పర్మనెంట్ రెసిడెన్సీ కార్డు ఇంకా రాలేదు. "కార్డు సేతికొచ్చాక సెప్పమ్మా సాక్ష్యం, అప్పుడైతే బాగుంతాది" అని ఇందాక మన సంఘపెద్ద ఒకాయన గుమ్మం దగ్గరే నన్ను ఆపారు. ఆయనంటే నాకు గౌరవమే గాని, నేను ఆగను. దేవుడు చేసిన మేలు చెప్పుకోవడానికి ఏ దేశం ముద్ర వేయాలి?

నేను టెక్కలి పిల్లను, కవిటి కోడలిని. కెనడాలో ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా పనిచేస్తూ నా కార్డు నేను తెచ్చుకున్నాను, పెళ్ళయ్యాక ఆయన విజిటర్ వీసా మీద వచ్చారు, నా భర్తగా ఆయన కార్డుకు దరఖాస్తు పెట్టాము. పెట్టిన కొన్నాళ్ళకే అత్తమ్మకు కిడ్నీలు పాడయ్యాయని, పలాసలో డయాలసిస్ మొదలుపెట్టారని కబురు. ఉద్దానంలో ఈ మాట వినని ఇల్లు లేదు, అయినా మన ఇంటి మనిషికి వస్తే గాని ఆ బాధ తెలియదు. బయలుదేరుదామంటే మా దరఖాస్తు చూసే కన్సల్టెంటు వద్దన్నాడు, కార్డు రాకుండా దేశం దాటితే తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆపేయవచ్చు, ఆపితే ఆ దరఖాస్తు పోయినట్టే, మళ్ళీ మొదటికి అన్నాడు. ఇక ఆ భయం మా ఇంట్లో కాపురం పెట్టింది. అన్నం తింటున్నా ఈమెయిల్ చూడటమే, ఆరాధనలో కూర్చున్నా ఈమెయిల్ చూడటమే, డయాలసిస్ మంచం మీద నుంచి అత్తమ్మ వీడియో కాల్ చేస్తే ఏడుపు కనబడకూడదని ఆయన ఫోను పక్కకు తిప్పేసేవారు. నేనేమో మోకాళ్ళ మీద పడి, "ప్రభువా, కార్డు ఇప్పించు, వెంటనే వెళ్తాం" అని దేవుడితో బేరాలు.

ఒక ఆదివారం అత్తమ్మ ఫోన్‌లోనే ప్రార్థన చేసింది. "ఓ తండ్రీ, మావోడికి ఆ కార్డు బేగి వచ్చీలాగ సెయ్యి. నానుంతానో పోతానో, నా కోసం ఆడి బతుకు పాడవకూడదు నాయినా" అంది. నా ఒళ్ళు మండిపోయింది, సహోదరులారా. అత్తమ్మ మీద కాదు, ఆ కార్డు మీద. రోగంలో ఉన్న తల్లి తన ఒంటి కోసం అడగడం మానేసి ప్లాస్టిక్ ముక్క కోసం అడుగుతోందంటే, మేము ఎవరిని దేవుడిగా పెట్టుకున్నట్టు? అక్కడే మోకరించి గట్టిగానే అడిగాను. "ప్రభువా, ఈ కార్డు నీకంటే పెద్దదా? పెద్దదైతే చెప్పు, దానికే మొక్కుతాం. కాదంటే ఈ భయాన్ని మా ఇంట్లోంచి తరిమెయ్యి." లేచేసరికి ఆయన మంచం కింద నుంచి సూట్‌కేసు లాగుతున్నారు. "ఆపితే ఆపుతారు సువార్తా, మాయమ్మని సూడకుండా ఆ కార్డు నాకెందుకు?" అన్నారు. అదే మా విడుదల.

పలాసలో రైలు దిగి తిన్నగా డయాలసిస్ దగ్గరికి పోతే, అత్తమ్మ మమ్మల్ని చూసి, "ఏటిరా, కార్డు రాకుండా ఎందుకొచ్చీసినావు? బుద్ధుందేటిరా నీకు?" అని కొడుకును తిట్టింది, తిడుతూనే చెయ్యి పట్టుకుంది, ఆటోలో కవిటి చేరేదాకా వదల్లేదు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే, ఆమె మాత్రం కొబ్బరినీళ్ళు తాగకూడదు. "దేవుడు సెట్లిచ్చినాడు, డాక్టరు నీళ్ళొద్దన్నాడు, ఏటి సేత్తాం" అని నవ్వుతుంది. ఆ నవ్వు మేము ఫోన్‌లో ఎన్నడూ చూడలేదు. డయాలసిస్ ఆగలేదు, ఆగిందని అబద్ధం చెప్పను. కానీ ఈ నాళ్ళన్నీ కొడుకే తీసుకెళ్ళాడు, కొడుకే ఇంటికి తెచ్చాడు.

మంగళవారం మా తిరుగు ప్రయాణం. కెనడా ఎయిర్‌పోర్టులో అధికారి లోపలికి పంపితే దేవునికి స్తోత్రం. వెనక్కి పంపితే మా ఆయన కవిటి వచ్చి తల్లి దగ్గర ఉంటారు, నేను మళ్ళీ దరఖాస్తు పెడతాను, అప్పుడూ స్తోత్రమే. మమ్మల్ని బెదిరించడానికి సాతాను దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

మీలో ఎవరైనా ఒక కాగితం కోసం అయినవాళ్ళ ముఖం చూడకుండా ఆగిపోయి ఉంటే, తెలిసినవాళ్ళను అడగండి, అన్నీ ఆలోచించుకోండి, కానీ భయానికి మాత్రం మొక్కకండి, నా దేవుణ్ణి నమ్మి చూడండి. అదిగో, మా అత్తమ్మ ముందు వరసలో కొడుకు పక్కన కూర్చుంది. ఈ సాక్ష్యం ఆమె వింటుండగా చెప్పాలనే నేను ఆగలేదు. దేవునికే మహిమ.